సోమవారం నీడ

సోమవారం మధ్యాహ్నం అన్నాల బెల్లు అయ్యేసరికి మాచెర్ల వీధుల్లో సినిమా బండి బయల్దేరేది. ఒంటెద్దు బండి, రెండు పక్కలా తడికెలు, తడికెల మీద మైదా జిగురుతో అంటించిన బొమ్మలు, ముందొక డప్పు, లోపల మైకు పట్టుకుని కాలేషా. "నేడే చూడండి! కత్తి యుద్ధాలు, గుర్రపు స్వారీలు, కడుపుబ్బ నవ్వించే హాస్యం!" అని అతను అరుస్తుంటే మిషన్ బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పే లీలావతి టీచరు చెవులు ఆ బండి వెంటే వెళ్ళిపోయేవి. ఆ పూట పిల్లలు పదమూడో ఎక్కం ఎంత తప్పు చెప్పినా దెబ్బలు ఉండవు. ఆ సంగతి పిల్లలకి తెలుసు గనక కష్టమైన ఎక్కాలన్నీ సోమవారానికే దాచుకునేవాళ్ళు.

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి కూలీలో, మేస్త్రీలో, లారీ డ్రైవర్లో మాచెర్ల మీదుగా తిరుగుతుండేవాళ్ళు. వాళ్ళ కోసమని చంద్రవంక వాగు ఒడ్డున టూరింగ్ టాకీసు డేరా వెలిసింది. వాళ్ళ కోసమని వేసింది కాస్తా ఊరందరిదీ అయింది.

సాయంత్రం డేరాలో దేవుడి పాట రికార్డు వేయగానే మిషన్ కాంపౌండు కంచె అవతల మాణిక్యమ్మ తల కనిపించేది. మాణిక్యమ్మ మొగుడి పేరు కొండలు, రాతిగనిలో పని చేస్తాడు. ఆవిడ కులాసా మనిషి, గొంతు పెద్దది.

"ఏమే పంతులమ్మా, అన్నం తిన్నావా? రికార్డు ఏసి ఎంతసేపైంది! ముందు చోటంతా పోతది."

"అరవబాకక్కా, అయ్యగారు ఇంటుంటారు," అని లీలావతి చెయ్యి కడుక్కుంటూనే చెప్పులు వేసుకునేది.

అయ్యగారంటే పాస్టరు దానయ్యగారు. ఆయనకి వినిపిస్తూనే ఉండేది.

డేరాలో నేల టిక్కెట్టంటే ఇసుకే. వాగులోంచి తెచ్చి పోసిన ఇసుక. ఎవరి సింహాసనం వాళ్ళే కట్టుకోవాలి. పక్కనున్న ఇసుకంతా కిందికి లాక్కుని కుప్ప చేసుకుని దాని మీద ఎక్కి కూర్చుంటే ముందువాళ్ళ కొప్పులు అడ్డం రావు. వెనకవాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళు ఇంకా పెద్ద కుప్ప పోసేవాళ్ళు. ఆడవాళ్ళ వైపు కుప్ప కట్టడంలో లీలావతిని మించినవాళ్ళు లేరు. గోళీసోడా సగం తాగి సగం ఇసుక మీద పోసి అరచేత్తో గట్టిగా తట్టేది. రీలు మార్చినప్పుడల్లా లేచి వెళ్ళొచ్చినా ఆ కుప్ప కూలేది కాదు.

తెర వెనకవైపు మాత్రం డేరాకి గుడ్డ కట్టలేదు. వాగు గాలి రాకపోతే జనం ఉడికిపోతారని ఆసామి అటు వదిలేశాడు. టిక్కెట్టు కొనలేనివాళ్ళూ, కొంటూ పదిమంది కంట పడకూడనివాళ్ళూ వాగులోకి దిగి, చుట్టు తిరిగొచ్చి, తెరకి అవతల కూర్చునేవాళ్ళు. బొమ్మ అటు కూడా బాగానే పడేది, కాకపోతే తిరగేసి. అక్షరాలు తిరగబడేవి. హీరో ఎడంచేత్తో కత్తి దూసేవాడు. దాన్ని ఊళ్ళో వెనక టిక్కెట్టు అనేవాళ్ళు.

సినిమా మొదలైందంటే లీలావతి టీచరు టీచరు కాదు. దొంగ వెనక నుంచి వస్తుంటే "ఒరేయ్, ఎనక ఉన్నాడు చూడరా!" అని హీరోని హెచ్చరించేది. అతను వినకుండా పాట పాడుకుంటుంటే నెత్తి కొట్టుకునేది. హాస్యగాడు తెర మీదికి రాకముందే, అతని చెప్పు చప్పుడుకే, నవ్వడం మొదలుపెట్టేది. ఆవిడ నవ్వు విని బెంచీ టిక్కెట్టు వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. వారం అంతా బెత్తమూ, హాజరుపట్టీ, తల్లి మందులూ మోసిన మనిషికి ఆ పూట ఒంట్లో బరువే ఉండేది కాదు. ఇంతకంటే సంతోషం ఈ లోకంలో ఇంకోటి ఉందంటే ఆవిడ నమ్మేది కాదు.

మర్నాడు ఎండ వచ్చేసరికి ఊళ్ళో నీడలు మారిపోయి ఉండేవి. డేరా వచ్చిన దగ్గర్నుంచీ మాచెర్లలో అది మామూలే. మనసు పెట్టి సినిమా చూసినవాళ్ళ నీడ ఆ సినిమాని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేది. గనిలో కొండలు పలుగు ఎత్తితే కింద నీడ కత్తి ఎత్తేది. కిళ్ళీకొట్టు అంకారావు కదలకుండా ఆకులకి సున్నం రాస్తుంటే అతని నీడ బల్ల మీదే గుర్రం స్వారీ చేసేది. రెండో రీలుకే నిద్రపోయినవాళ్ళ నీడ మర్నాడంతా ఆవులిస్తూ నడిచేది, దాన్ని చూసి వాళ్ళ పెళ్ళాలు టిక్కెట్టు డబ్బులు దండగ చేశావని తిట్టేవాళ్ళు. వెనక టిక్కెట్టు వాళ్ళ నీడలు ఎడంచేత్తో కత్తి తిప్పేవి గనక ఎవరు టిక్కెట్టు ఎగ్గొట్టారో తెల్లారేసరికి ఊరందరికీ తెలిసిపోయేది. "ఏం బావా, ఎడంచెయ్యి బాగా తిరుగుతోందే!" అని కాలేషా బండి ఆపి మరీ పలకరించేవాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆ నీడలు కొత్త చెప్పుల్లాగే వాడినకొద్దీ అరిగేవి. మంగళవారం నిలువెత్తు ఉన్న కత్తి గురువారానికి కూరగాయల కత్తంత అయ్యేది. కిరీటం కిందికి జారి టోపీ అయ్యేది. శనివారానికి ఒక్క మీసం మిగిలేది. ఆదివారం పొద్దున అది కూడా పోయి నీడ నీడలా ఉండేది.

లీలావతి సోమవారమే సినిమాకి పోవడం అందుకే. మిషన్ సంఘంలో సినిమా చూసినవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఆదివారం గుడి మెట్ల మీద దానయ్యగారు నిలబడి, వచ్చేవాళ్ళ మొహం కంటే ముందు నీడ చూసేవారు. లీలావతి నీడ ఎప్పుడూ కడిగిన పళ్ళెంలా వచ్చేది. మంగళవారం బడి ముందు ప్రార్థనలో అదే నీడ కత్తి తిప్పుతుంటే పిల్లలు కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చేస్తున్నారని ఆయనకి తెలియదా? తెలుసు. కానీ ఆయన బాధ్యత ఆదివారం వరకే అనుకునేవారు.

తంటా అంతా పెళ్ళి సంబంధాలతోనే వచ్చింది. ఆదివారం పెళ్ళిచూపులు పెట్టుకోరు. మొదటి సంబంధం వాళ్ళు బుధవారం గుంటూరు రైలు దిగి వచ్చారు. లీలావతి తల వంచి వందనాలు చెప్పింది. నీడ మాత్రం వంగలేదు, మీసం దువ్వి తొడ కొట్టింది. వాళ్ళు అదే రైలుకి వెనక్కి పోయారు. రెండో పెళ్ళికొడుకు కొంచెం ధైర్యస్తుడు, కత్తి చూసినా కదిలేవాడు కాదు. కానీ అది హాస్యం సినిమా వారం. లీలావతి నీడ వెళ్ళి అతని నీడ కింద కుర్చీ లాగేసింది. నీడే గదా పడింది, అయినా వాళ్ళమ్మకి చిన్నతనమైంది.

లీలావతికి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. తండ్రి లేడు. తల్లి రూతమ్మ బోర్డింగు పిల్లలకి వంట చేస్తుంది. ఆ పరిస్థితిలో దానయ్యగారే మూడో సంబంధం తెచ్చారు.

"వెల్దుర్తి బడిలో టీచరు, కృపాదానం. గుళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి కూడా. సినిమా బండి ఎదురొస్తే సందులోకి తప్పుకునే మనిషి," అన్నారాయన. "గొడుగు చూసే ఉంటావుగా రూతమ్మా."

చూడనిదెవరు? ఎండకైతే సరే, పల్నాడు ఎండకి గొడుగు పట్టనివాడే పిచ్చివాడు. కృపాదానం మంచు కురిసే పొద్దుల్లో కూడా, బావికి నీళ్ళకి పోయినా, విచ్చిన గొడుగు దించేవాడు కాదు. ఆయన నీడ ఎట్లా ఉంటుందో వెల్దుర్తిలో చూసినవాడు లేడు. గుండ్రంగా, నల్లగా గొడుగు నీడే ఆయన వెంట దొర్లుకుంటూ వచ్చేది. మర్యాదస్తుడని జనం అనుకున్నారు.

లీలావతి అతన్ని గురజాలలో టీచర్ల మీటింగులో చూసింది. దావీదు గొల్యాతుని కొట్టిన కథ పిల్లలకి ఎట్లా చెప్పాలో అతను రూళ్ళకర్ర పట్టుకుని చేసి చూపించాడు. మీటింగు మీటింగంతా టీ తాగడం మర్చిపోయింది. గొల్యాతు కూలినప్పుడు లీలావతి ఈల వేయబోయి నోరు మూసుకుంది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ మనిషి పేరు చెప్పగానే చెవులు వేడెక్కాయి.

ఆ రాత్రి రూతమ్మ కూతురి పక్కన కూర్చుంది.

"ఈడు గూడా పోతే నేను ఇంకెవర్నీ తేలేనే అమ్మా. నీకిష్టం లేదంటే చెప్పు."

"ఇష్టమే."

"మరి సినిమాలు?"

రూతమ్మ కొంగు కళ్ళకి పెట్టుకుంది. అంత కష్టపడి పెంచిన తల్లి ఏడుస్తుంటే చూడటం ఎవరి వల్ల అవుతుంది?

"శనివారం గదా చూపులు. ఈ సోమవారం ఒక్కటి చూడనియ్యి. ఇదే ఆఖరుది. కుదిరితే ఇంక డేరా మొహం చూడను," అంది.

సోమవారం వేసిన కొత్త సినిమా పేరు 'పగడాలకోట'. లీలావతి ఆ రోజు ఎన్నడూ లేనంత ఎత్తు కుప్ప కట్టింది. తెర మీద హీరో కోట మెట్ల మీద దొంగల నాయకుడితో కత్తియుద్ధం చేస్తున్నాడు. వెనక అతని స్నేహితుడు, హాస్యగాడు, కాలు ఒకటి కుండలో ఇరుక్కుపోయి, ఆ కుండతోనే టంగుటంగున మెట్లన్నీ ఎక్కి దిగుతున్నాడు. కత్తి పోట్లకి ఊపిరి బిగబట్టాలో, కుండ చూసి నవ్వాలో జనానికి తెలియలేదు. లీలావతి రెండూ చేసింది. రేపట్నుంచి ఇది లేదు గదా అని ఒక్క బొమ్మ కూడా వదలకుండా కళ్ళ నిండా నింపుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

"కుండని చూసి ఏడుస్తావేందే?" అంది మాణిక్యమ్మ.

"ఏం లేదక్కా, ఇసక పడింది," అంది లీలావతి.

మంగళవారం పొద్దున్నే దానయ్యగారు గుమ్మంలో నిలబడి "రూతమ్మా!" అని కేక వేశారు. ఆయన వెనక కృపాదానం తల్లి దేవమ్మ, ఆవిడ వెనక గొడుగు.

"అబ్బాయి మిషన్ ఆఫీసు పని ఉందని వాళ్ళమ్మని తీసుకుని నిన్ననే వచ్చాడు. వాగు దగ్గర చుట్టాలింట్లో దిగారు. ఎట్టాగూ వచ్చారు గదా, మళ్ళీ శనివారం దాకా ఎందుకని నేనే తీసుకొచ్చా," అన్నారాయన.

రూతమ్మ ఎండ వైపు చూసింది. శనివారమైతే మీసమే గదా, ఏదో మూల నీడలో కూర్చోబెట్టి గట్టెక్కించొచ్చనుకుంది. ఇవాళ కూతురి నీడ ఎట్లా ఉంటుందో ఆవిడకి వేరే చెప్పాలా? పైగా ఇల్లు తూర్పు మొహం. వసారాలోకి ఎండ నేరుగా వస్తుంది. పెళ్ళివారు వస్తారని పిడుగురాళ్ళ సున్నంతో గోడకి కొత్తగా వెల్ల కూడా వేయించింది. అంత తెల్లటి గోడ మిషన్ కాంపౌండులో మరోటి లేదు.

"లోపలికి రండి వదినా, లోపల చల్లగా ఉంటది," అంది దేవమ్మతో.

"గాలి బయటే బాగుంది వదినా," అని దేవమ్మ వసారాలో మంచం మీద కూర్చుంది. దానయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. కృపాదానం స్టూలు మీద కూర్చుని, గొడుగు ఎండ వైపుకి వాల్చి పట్టుకున్నాడు.

"గొడుగు ముయ్యి నాయనా, చెయ్యి నొప్పి పుడతది," అంది రూతమ్మ.

"పర్వాలేదండి, అలవాటే," అన్నాడు కృపాదానం. నుదుటి మీద చెమట పట్టి ఉంది.

"మావోడు అంతే వదినా. ఎండన్నా సినిమా అన్నా వాడికి పడదు," అని దేవమ్మ గర్వంగా చెప్పింది.

లీలావతి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చింది. తల వంచుకుని, చిన్న అడుగులు వేసుకుంటూ, చాలా బుద్ధిగా వచ్చింది. గోడ మీద నీడ మాత్రం తలుపు తన్నుకుని వచ్చినట్టు వచ్చింది. నెత్తిన కిరీటం, వెనక ఎగిరే వస్త్రం, కుడిచేతిలో నిలువెత్తు కత్తి. అంతటితో ఊరుకోలేదు. కుడికాలు కుండలో ఇరుక్కుని ఉంది. అది టంగుటంగున కుంటుకుంటూ గోడ ఈ చివర నుంచి ఆ చివరకి పోయి, కత్తి ఎత్తి, మీసం దువ్వింది.

పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. బడికి వస్తున్న పిల్లలు కంచె దగ్గర ఆగిపోయారు. ఒకడు అక్కడే చతికిలబడి కిందికి దుమ్ము లాక్కుని కుప్ప కట్టుకోవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అతని చుట్టూ కుప్పలు పోశారు.

దేవమ్మ మంచం మీంచి లేచింది. "ఏంది అయ్యగారూ ఇది? ఉపదేశికి చేసుకోబోయే పిల్ల నీడేనా ఇది?"

దానయ్యగారు గొంతు సవరించుకున్నారు. మంగళవారం నీడ చూడాల్సిన అవసరం ఆయనకి ఇన్నాళ్ళూ రాలేదు. ఇప్పుడు కళ్ళ ముందే ఉంది, కాదనడానికి లేదు.

"లీలావతీ, నువ్వు మంచి పిల్లవి. కృపాదానం ముందర, వాళ్ళమ్మ ముందర ఒక్క మాట చెప్పు. ఇంక జీవితంలో సినిమా చూడనని. ఆ మాట మీద ఈ సంబంధం నేను ఖాయం చేస్తా."

రూతమ్మ కూతురి వైపు చూసింది. లీలావతి నోరు తెరిచింది. మొన్న తల్లికి ఇచ్చిన మాటే, మళ్ళీ చెప్పడమే గదా. కానీ నాలుక మీదికి రాలేదు. ఎదురుగా గోడ మీద కుండ కాలేసుకుని నిలబడిన తన నీడని చూస్తే, దాన్ని తన చేత్తోనే ఇంట్లోంచి గెంటేస్తున్నట్టు అనిపించింది.

"చెప్పలేనయ్యగారూ," అంది. "అమ్మా, నన్ను క్షమించు. నేను దొంగతనం చేయలేదు, అబద్ధం ఆడలేదు. వారానికొక పూట నవ్వుకుంటన్నా. మనసులో లేని మాట దేవుడి పేరు మీద చెప్పమంటే ఎట్టా చెప్పేది? ఈయన మంచివాడు. నాకిష్టమే. అయినా ఈయన ముందర అబద్ధం ఎట్టా ఆడేది?"

అంత మాట ఆడపిల్ల పెళ్ళివారి ముందు అనడం మిషన్ కాంపౌండులో ఎవరూ వినలేదు. కృపాదానం తల ఎత్తి మొదటిసారి లీలావతి మొహం వైపు చూశాడు.

అప్పుడు లీలావతి నీడ కదిలింది. గోడ మీద గుండ్రంగా పడి ఉన్న గొడుగు నీడ ముందుకి కుండతో గెంతింది. పగడాలకోట మెట్ల మీద హీరో దొంగల నాయకుడి డాలుని కొట్టిన దెబ్బే, పై నుంచి కిందికి, సర్రున. గొడుగు నీడ రెండు చెక్కలై గోడ మీంచి జారి, నేల మీద పడి, గడప కిందికి ఇంకిపోయింది. గొడుగు మాత్రం కృపాదానం చేతిలో గుడ్డ చిరగకుండా అట్లాగే ఉంది. దాంట్లోంచి ఎండ ధారాళంగా అతని నెత్తి మీద పడుతోంది.

వెల్ల గోడ మీద కృపాదానం నీడ కనిపించింది. కిరీటం ఉంది. మెలి తిరిగిన మీసం ఉంది. ఎడంచేతిలో నిలువెత్తు కత్తి ఉంది. ఎడంకాలు కుండలో ఇరుక్కుని ఉంది.

కంచె దగ్గర పిల్లలు ఒక్కసారిగా ఈలలు వేశారు. లీలావతి కళ్ళు ఆ కుండ మీదే నిలిచిపోయాయి. సినిమాలో కత్తి హీరోది, కుండ స్నేహితుడిది. ఊళ్ళో కత్తి మోసుకొచ్చిన నీడలు ఎన్నో ఉన్నాయి, కుండ మోసుకొచ్చినవీ ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి ప్రేమించి, ఏదీ వదులుకోలేక, కలిపి ఇంటికి తెచ్చుకున్న మనిషి ఇంకోడు ఉన్నాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఆవిడకి నవ్వు వచ్చింది. పళ్ళెం కింద పెట్టేసి, పెళ్ళిచూపులన్న సంగతి మర్చిపోయి, డేరాలో నవ్వినట్టే నవ్వింది.

నీడలు రెండూ ఊరుకోలేదు. ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడంచేత్తో, కుండలు టంగుటంగులాడిస్తూ పగడాలకోట యుద్ధం మొత్తం గోడ మీద మొదలుపెట్టాయి. ఒకటి ముందుకొస్తే ఒకటి వెనక్కి పోయేది. ఒక్క దెబ్బ తప్పలేదు, ఒక్క అడుగు తడబడలేదు. ఇద్దరూ ఒకే సినిమాని అటూ ఇటూ కూర్చుని చూసినవాళ్ళు గదా. మాణిక్యమ్మ కంచె దాటి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. దేవమ్మ మళ్ళీ ఎప్పుడు మంచం మీద కూర్చుందో ఎవరూ గమనించలేదు. నీడలు మెట్లు దిగేచోట ఒకటి జారేసరికి "పడతావ్, పడతావ్! కుండ చూసుకో!" అని ఒక కేక వినిపించింది. అందరూ తిరిగి చూస్తే అది దానయ్యగారు. ఆయన కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నారు. చేతిలో టీ చల్లారిపోయింది.

యుద్ధం అయిపోయింది.

"ఏంది నాయనా," అన్నారు దానయ్యగారు మెల్లగా, "ఎడంచెయ్యి. ఎనక కూర్చున్నావా?"

కృపాదానం పనికిరాని గొడుగుని మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అవునండయ్యగారూ. టిక్కెట్టు కొని, తెర ముందు కూర్చుని చూస్తే సినిమా చూసినట్టు. నేను టిక్కెట్టు కొనలేదు, ముందు కూర్చోలేదు. వాగు ఒడ్డున గాలికి కూర్చున్నా, గుడ్డ అడ్డం వచ్చింది. ఇన్నాళ్ళూ నాకు నేను అట్టా సర్దిచెప్పుకున్నా." అతను లీలావతి వైపు చూశాడు. "ఆవిడ మీ ముందర ఉన్నమాట చెప్పింది. నేను గొడుగు పట్టుకుని తిరిగా. నాకు సిగ్గుగా ఉంది."

"ఎన్నాళ్ళ నుంచిరా?" అంది దేవమ్మ.

"డేరా వచ్చిన దగ్గర్నుంచీ అమ్మా. మిషన్ ఆఫీసులో నాకు ఎప్పుడూ పని లేదు."

దేవమ్మ కొడుకుని తిట్టబోయింది. గోడ మీద కుండ కాలు చూసి నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానయ్యగారు లేచి, ఆలోచించుకుని చెబుతానని వెళ్ళిపోయారు.

రూతమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లీలావతికీ పట్టలేదు, కారణం వేరు.

బుధవారం పొద్దున దానయ్యగారు గుడి వాకిలి ఊడ్పించడానికి బయటికి వచ్చారు. ఆయన వెనక ఆయన నీడ టంగుటంగున కుంటుకుంటూ వచ్చింది. ఒక్క పూట గోడ మీద చూసిందే అయినా, మనసు పెట్టి చూశారు మరి. ఆయన ఆగి, వెనక్కి తిరిగి దాన్ని చూశారు. నీడ కాలు విదిలించింది. కుండ ఊడి రాలేదు. ఇంట్లోకి పోయి తలుపేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన అట్లా చేయలేదు. అదే ఎండలో నేరుగా రూతమ్మ ఇంటికి నడిచి వచ్చారు. దారిలో అంకారావు కొట్టు ముందు జనం లేచి వందనాలు చెప్పి, నీడకి దారి ఇచ్చారు.

"రూతమ్మా, ఆదివారానికి అరుగుతదంటావా ఇది?" అని అడిగారు.

"అరుగుతదయ్యగారూ. శనివారానికి చిన్న ముంతంత అవుతది," అంది లీలావతి లోపల్నుంచి.

"అట్టయితే పెళ్ళి ప్రకటన ఈ ఆదివారమే చదువుతా. సోమవారాల సంగతి నేనెందుకు అడగాలి? నన్నడిగితే నేనేం చెప్పాలి?" అన్నారాయన. వెళ్ళిపోతూ కంచె దగ్గర ఆగారు. "ఆ కుండ ఆఖరికి ఊడిందా లేదా అమ్మాయ్?"

"ఊడింది అయ్యగారూ. దొంగల నాయకుడి నెత్తి మీద పగిలింది."

దానయ్యగారు తృప్తిగా తల ఆడించి వెళ్ళిపోయారు.

పెళ్ళయ్యాక మిషను వాళ్ళు కృపాదానాన్ని మాచెర్ల బడికే మార్చారు. గొడుగు చాలాకాలం ఇంట్లోనే ఉంది. వానకి బ్రహ్మాండంగా పనిచేసేది, ఎండకి మాత్రం మళ్ళీ ఎప్పుడూ నీడ ఇవ్వలేదు. కృపాదానానికి దానితో పని కూడా లేకపోయింది.

పెళ్ళయిన మొదటి సోమవారం అతను టిక్కెట్టు కొని, జీవితంలో మొదటిసారి తెర ముందు కూర్చున్నాడు. పేర్లు పడుతుంటే అతనికి కళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ తిరగేసి చదవడం అలవాటై, సరిగ్గా ఉన్న అక్షరాలు చదవడానికి కాసేపు పట్టింది. హీరో కుడిచేతి వాటం మనిషని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఇంటర్వెల్లులో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య కట్టిన గుడ్డ పక్కన లీలావతికి ఆ సంగతి చెబితే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

మర్నాడు ఇద్దరూ కలిసి బడికి బయల్దేరారు. కొంతదూరం పోయాక లీలావతి ఆగిపోయింది.

"ఇదేం బాగలేదండీ," అంది.

కృపాదానం కూడా కిందికి చూశాడు. రెండు నీడలకీ కుడిచేతుల్లోనే కత్తులు. ఎవరు ఎటు వైపు నడిచినా మధ్యలో ఒక కత్తి అడ్డం వస్తోంది.

ఆ తర్వాత సోమవారం అతను, సాయంత్రం టిక్కెట్లు కూడా అమ్మే కాలేషా దగ్గర నేల టిక్కెట్టు కొన్నాడు. కొని, డేరాలోకి పోకుండా వాగులోకి దిగాడు. "టిక్కెట్టు కొని ఎనక కూర్చునేవోణ్ణి నిన్నే చూశా పంతులూ!" అని కాలేషా నోరెళ్ళబెట్టాడు. కృపాదానం నవ్వి, తెర వెనక ఇసుక కుప్ప కట్టుకున్నాడు. సోడా పోసి తట్టడం భార్య నేర్పింది. ఆ డేరా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అతను అక్కడే కూర్చున్నాడు.

ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాం వీధిలో చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు కాదు. లీలావతీ కృపాదానమూ కూడా అంతే, మూరెడు ఎడంగా, టీచర్లు నడవాల్సినట్టే నడిచేవాళ్ళు. ప్రతి మంగళవారం పొద్దున వాళ్ళ ముందు దారంతా రెండు నీడలు పోతుండేవి. ఒకదాని కత్తి ఆ పక్క, ఇంకోదాని కత్తి ఈ పక్క. మధ్యలో ఖాళీగా ఉన్న రెండు చేతులూ బడి గేటు దాకా ఒకదాన్నొకటి పట్టుకుని వెళ్ళేవి.